దోసిట నీళ్లు ఉన్నంతసేపు

పింగళావతీ నగరపు ధర్మసభలో నలభై ఏడు తలలు ఒకేసారి ఊగిన రోజు కథ ఇది. ఆ సభ వెలసి రెండు వందల ఏళ్లు. ఈ రెండు వందల ఏళ్లలో, బయట వాన పడుతోందా లేదా అన్న సంగతి మీద కూడా సభ్యులంతా ఒక మాట మీదకు వచ్చిన దాఖలా లేదు. అలాంటిది, ఆ ఉదయం రాజాజ్ఞ చదవడం పూర్తికాకముందే తలలన్నీ వంగాయి. నలభై ఎనిమిదో తల కుమ్మరివాడ సభ్యురాలు మైలమది. అది మాత్రం నిటారుగా నిలిచి, చుట్టూ ఉన్న తలల్ని ఒక్కొక్కటిగా అనుమానంగా చూసింది.

ఆ సభామండపాన్ని చూడటానికే పరదేశాల నుంచి జనం వచ్చేవారు. అరవై నాలుగు స్తంభాలు, స్తంభానికొక రంగు రాయి. పైకప్పుకు పొదిగిన అభ్రకపు పలకల్లోంచి ఎండ దిగి, నేలమీద నెమలి పింఛం పరిచినట్టు ఉండేది. పడమటి చివర పగడపు మెట్ల సింహాసనం. తూర్పు గోడకు ఏనుగంత నల్లటి ధర్మశిల. దాని మీద చెక్కిన మొదటి పంక్తి: ‘వినకుండా ఎవరినీ శిక్షించరాదు.’ రెండో పంక్తి: ‘దోసిట నీరున్నంతసేపు మాటకు అడ్డు లేదు.’ శిలమీద ఏమి ఉంటే అదే ఆ రాజ్యంలో చెల్లుతుంది. కాదని చెయ్యి ఎత్తినవాడి చెయ్యి భుజం దాకా కొయ్యబారిపోతుంది. అది ఆ రాతి మహిమ. ఉలితో చెరిపేస్తే మాత్రం ఆ పంక్తితోపాటు ఆ మహిమా పోతుంది.

సభలో మాట్లాడదలచినవారు లేచి దోసిలి పడతారు. నీళ్లవాడు బానలోంచి గరిటెడు నీళ్లు పోస్తాడు. అవి వేళ్ల సందుల్లోంచి కారిపోయేదాకా మాట వాళ్లది. ముగించేటప్పుడు మిగిలిన నీళ్లు తమ పాదాల మీదే వదులుకోవాలి. నేనడిగిన చట్టం మొదట నన్నే తడపాలని దాని అర్థం. వేళ్లు వదులుగా ఉన్న పెద్దమనుషులు పాపం నాలుగు మాటలకే కూలబడేవారు. మైలమది మన్ను పిసికిన చెయ్యి. ఆమె దోసిలి పట్టిందంటే పక్కవాళ్లు వక్కాకు సంచులు విప్పుకునేవారు.

పదేళ్లలో ఆ దోసిలి తక్కువ పనులు చేయలేదు. చెరసాలలో ప్రతి గదికీ వీధివైపు చెయ్యి దూరేంత కన్నం ఉండాలని మూడు రోజులు వాదించి శిలకెక్కించింది. జనం దాన్ని గొంతుకిటికీ అంటారు. భటుడు ఎవరిమీదనైనా చెయ్యి వేసేముందు ముఖం చూపించి, తన పేరు చెప్పి, నేరమేమిటో నోటితో పలకాలన్నదీ ఆమే. ఇక ఆమె తొలి ప్రసంగం సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. కంకాళభట్టు అనే మాంత్రికుణ్ణి కట్టి తెచ్చి, వాణ్ణి తగలబెట్టమని ఊరంతా అరుస్తుంటే, “మంత్రగాడైనా సరే, ముందు వినండి” అని ఒక్కతే నిలబడింది. విన్నారు. ప్రాణం తీయకుండా దేశం వెళ్లగొట్టారు. ఆ ఏడాది ఊళ్లో సగం మంది ఆమెతో మాటలు మానేశారు.

ఇప్పుడు సభాపతి చదివిన ఆజ్ఞ ఇది: “రాజ్యమున కుట్రలు మిక్కుటమైనవి. విచారణలకు వ్యవధి లేదు. ధర్మశిల మొదటి పంక్తిని నేటి సూర్యాస్తమయమునకు లోపల చెరిపివేయవలెను. చెరిపిన వెంటనే, మూగబావి చెరలోనున్న రాజద్రోహి బొల్లనను మొసళ్ల మడుగున విడువవలెను.”

బొల్లన మైలమకు తోడబుట్టిన తమ్ముడు. రాజుగారి మందిరానికి బానలు చేసి ఇచ్చే కుమ్మరి. వాడికి కుట్ర అంటే కుండకు పడే పగులంత కూడా తెలియదు. వారం కిందట రాజద్రోహమని ఒక్క మాట పలికి వాణ్ణి పట్టుకుపోయారు. ఏం చేశాడని అడిగితే చెప్పే నాథుడు లేడు.

 మైలమ లేద్దామంటే నియమం కాళ్లకు అడ్డుపడింది. నిందితుడి రక్తసంబంధి చర్చ మొదలుపెట్టకూడదు, మొదలైన చర్చలో మాత్రమే మాట్లాడవచ్చు. ఎవరూ లేవకపోతే తల ఊపడమే సమ్మతి. అప్పటికప్పుడు ఉలి పడుతుంది. ఆమె చూపు మూడో వరసలో ఉన్న పేరయ తాత మీదికి పోయింది. సాలెవాడ సభ్యుడు, సభలో అందరికన్నా పెద్ద. ఆమెకు నియమాలన్నీ నేర్పినవాడు. ‘లే తాతా, ఒక్క అడ్డుమాట చెప్పు’ అని కళ్లతోనే వేడుకుంది.

పేరయ తాత లేచాడు, దోసిలి పట్టాడు. “రాజుగారి ఆజ్ఞ నాకు సమ్మతం. సభ్యురాలు మైలమగారు కూడా ఒప్పుకోవాలని మనవి,” అని కూర్చున్నాడు.

మైలమగారు! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ముసలాయన ఆమెను ‘పిల్లా’ అని తప్ప పిలవలేదు. పైగా ఎప్పుడూ మోకాళ్ల మీదికి ఎగ్గట్టే పంచె ఇవాళ నేల ఊడుస్తోంది. నీళ్లు పాదాల మీద వదిలాడో లేదో కనబడనే లేదు. అన్నిటికీ మించి, సమ్మతమని చెప్పడానికైనా ఎవరో ఒకరు లేచి మాట్లాడారంటే చర్చ మొదలైనట్టే. అప్పటికప్పుడు పడవలసిన ఉలి ఇక చర్చ ముగిసేదాకా ఆగాలి. భజన చేయబోయి రాజుకే అడ్డం పడ్డాడు! ఈ నియమం పేరయ తాతకు తెలియకపోవడమా? ఇతను పేరయ తాత కాడు. ఆ ముఖం కింద ఇంకెవడో ఉన్నాడని ఆమె నిశ్చయించుకుంది.

సభాపతి ముఖం చిట్లించి రాజువైపు చూశాడు. ఉదయకేతు మహారాజు సింహాసనం మీద కదలకుండా కూర్చున్నాడు. నెల కిందట వేటకు పోయి, అడవి జ్వరంతో తిరిగొచ్చాక మనిషి చాలా మారాడు. పాత పరిచారకులను మాన్పించి, మూడు వారాలు మందిరం దాటలేదు. వారం నుంచి ఎక్కడికి వెళ్లినా మనిషెత్తు కొత్త బాన ఒకటి ఆయన వెంట రావలసిందే. ఆ నీళ్లు తప్ప వేరే నీళ్లు పడవట. ఇప్పుడు సభలో నీళ్లు పోస్తున్నదీ ఆ బానలోంచే. దాని అంచు కింద తమ్ముడి బొటనవేలి గుర్తు మైలమ పోల్చుకుంది. అంత లోతు బానలో గరిటె జానెడు దిగీ దిగకుండానే టక్కున అడుగు తగిలింది. ఇదేమిటని కుమ్మరి మనసు ఒక్క క్షణం ఆగింది. తమ్ముడి ప్రాణం మీద బెంగ ఆ ఆలోచనను తోసేసింది.

“మధ్యాహ్న విరామం. మూడు గడియల పొద్దుండగా మళ్లీ కూడి చర్చ ముగించాలి,” అని సభాపతి శంఖం ఊదించాడు.

విరామం మొదలైన రెండు గడియలకు, మూగబావి చెరసాల గోడ పక్కన, తలమీద చల్లకుండ పెట్టుకుని ముఖానికి కొంగు లాక్కున్న ఒక ఆడమనిషి “చల్లో... చల్ల!” అని అరుస్తూ పోతోంది. ఆమె చల్ల అమ్ముతున్న తీరు చూస్తే ఎవరికైనా అనుమానం రావలసిందే. దాహంతో దగ్గరికొచ్చిన వాళ్లను కూడా “లేదు పోండి” అని కసురుతోంది. ఏడో గొంతుకిటికీ దగ్గర ఆగి, కన్నానికి నోరు ఆనించి, “ఒరే బొల్లనా! నేనురా, అక్కని,” అంది.

లోపల గొలుసు గలగలలాడింది. బొల్లన ముఖం కనిపించింది. నోరు తెరిచాడు, పెదవులు కదిలాయి. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

“ఏమైందిరా నీకు? నాలుక ఏమైనా...” మైలమ కన్నంలోకి తొంగిచూసింది.

వాడు తల అడ్డంగా ఊపి, నాలుక బయటపెట్టి చూపించాడు. నాలుక ఉంది, గొంతే లేదు. తర్వాత రెండు చేతులూ దోసిలి పట్టాడు. పట్టి, ఆ దోసిలిని ముందుకు చాపి, వేళ్ల కొసల నుంచి ఏదో విసిరినట్టు చేశాడు. మళ్లీ అదే, మళ్లీ అదే. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“దాహమా? ఇదుగో, తాగరా నాయనా,” అని మైలమ చిప్పలో చల్ల పోసి కన్నంలోంచి అందించింది. వాడు చిప్ప తోసేసి, తల గోడకేసి కొట్టుకున్నాడు. ఆమెకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

“ఆగు. ఇదిగో నా ముఖం. నా పేరు కొమరయ, మూగబావి తలవరిని. నీమీద మోపుతున్న నేరం ఏంటంటే...” అని ఆ భటుడు ఆగిపోయాడు.

“ఏంటంటే?” అంది మైలమ కొంగు సర్దుకుంటూ.

“అదే ఆలోచిస్తున్నా.”

“చల్ల అమ్మడం నేరమా అన్నా?”

“కాదు.”

“అమ్మకపోవడం నేరమా?”

“అదీ కాదనుకో. కానీ ఏదో ఉంది. నీ గొంతు ఎక్కడో విన్నాను తల్లీ. ఉండు, గుర్తుచేసుకోనీ.” కొమరయ గడ్డం గోక్కున్నాడు. నేరం పలక్కుండా చెయ్యి వేసిన తన బావమరిది చెయ్యి ఇప్పటికీ రోకలిలా వేలాడుతోంది మరి. కొమరయ కళ్లు మూసి తెరిచేసరికి వీధిలో చల్లకుండ మాత్రం మిగిలింది.

మూడు గడియల పొద్దుండగా సభ కూడింది. మైలమ ఈసారి ముందే దోసిలి పట్టింది. “సభాపతీ, ఉదయం పేరయగారు నీళ్లు ఎక్కడ వదిలారో నేను చూడలేదు. ఒకసారి పంచె ఎత్తి పాదాలు చూపించమనండి.”

సభలో నవ్వులు. పేరయ తాత గుర్రుమన్నాడు. “ముసలాడి కాళ్లు చూడటానికా పిల్లా ఇంత గొడవ?” అంటూ పంచె ఎత్తాడు. రెండు పాదాలూ గుమ్మడికాయల్లా వాచి ఉన్నాయి. పంచె అంచు లోపలివైపు నీళ్లు ఆరిన మరక ఉంది.

 తాత మైలమ దగ్గరికి వచ్చి, పాదాలు చూపిస్తున్నట్టు వంగి గొణిగాడు: “నేను అడ్డు చెబితే ఇక్కడికిక్కడే లాక్కెళ్లేవాళ్లు. నువ్వు మొదలుపెట్టడానికి లేదు. సమ్మతమని, నిన్ను పరాయిదానిలా ‘గారు’ అని పిలిస్తే ఎవడూ ఆపడు కదా. ఎలాగైనా చర్చ తెరుచుకుంది. నేను చేయగలిగింది అంతే. ఇక నీ దోసిలి, నీ ఇష్టం. ఇన్నేళ్లు నేర్పితే నన్నే అనుమానిస్తావంటే, పోనీలే, అదీ నేనే నేర్పాను.”

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. తండ్రిలాంటివాణ్ణి దొంగ అనుకుంది. తల ఎత్తింది. పేరయ తాత నిజమైనవాడే. అయితే ఈ సభలో నిజం కానిదేది? ఆమె చూపు మెల్లగా మెట్టుమెట్టుగా పాకి పగడపు సింహాసనం దాకా పోయింది.

“సభాపతీ! శిలమీది పంక్తిని చెరపమని అడిగేవారు స్వయంగా దోసిలి పట్టాలి. అడ్డు చెప్పేవారు ఎదురుగా దోసిలితో నిలబడాలి. మహారాజుగారి తాతగారు తొమ్మిదో పంక్తి మార్చమన్నప్పుడు సింహాసనం దిగి ఇక్కడే నిలుచున్నారు. తాళపత్రం భోషాణంలో ఉంది. తీయించమంటారా?”

తీయించనక్కరలేదని అందరి ముఖాలూ చెబుతున్నాయి. ఒప్పుకోకపోతే ఆజ్ఞ చెల్లదు. రాజు కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఒక్కో మెట్టూ దిగి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. నీళ్లవాడు మొదట ఆయనకు, తర్వాత ఆమెకు పోశాడు. గరిటె మళ్లీ టక్కున తగిలింది.

రాజు ప్రసంగం చేస్తే తేనె ధార. శత్రువులు పొంచి ఉన్నారన్నాడు. వినడం తీరికున్నవారి విలాసమన్నాడు. ఇల్లు కాలుతున్నప్పుడు నిప్పును విచారించి ఆర్పుతామా అని అడిగాడు. నలభై ఏడు తలలు మళ్లీ ఊగాయి. ప్రసంగం ముగిసింది. రాజు దోసిలిని ముందుకు చాపి, వేళ్ల కొసల నుంచి నీళ్లను దూరంగా నేలమీదికి విడిచాడు. తర్పణం వదిలినట్టు, అలవోకగా, జన్మంతా అదే పని చేసిన చేతులతో.

సభ్యుల్లో కొందరు ఉలిక్కిపడ్డారు. రాజు పాదాలు పొడిగా ఉన్నాయి. మైలమ కళ్లముందు తమ్ముడి దోసిలి మెరిసింది. దాహం కాదు, వాడు చూపించింది ఇదే! వాడు ఏ మందిరంలోనో ఈ చేతిని చూశాడు. తానూ ఒకసారి చూసింది, పదేళ్ల కిందట, ఇదే చోట.

“నిందితుడి స్థానంలో నిలబడి నీళ్లను ఇలా విసిరినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను,” అంది మైలమ. “ముఖం మార్చావు కానీ చెయ్యి మార్చలేకపోయావు, కంకాళభట్టూ!”

సభలో గగ్గోలు పుట్టింది. రాజు నవ్వాడు. ఆ నవ్వు ఉదయకేతు మహారాజుది కాదు. “మైలమా! ఆనాడు నా ప్రాణం నిలబెట్టినదానివి. మరిచిపోలేదు.”

“నిలబెట్టింది నేను కాదు. నువ్విప్పుడు చెరపమంటున్న ఆ పంక్తి.”

“అందుకే దాని బలం నాకు బాగా తెలుసు. అది ఉన్నంతకాలం నేను దొంగిలించిన గొంతులన్నీ అరువు గొంతులే. వినకుండా శిక్షపడ్డవాడి గొంతు మాత్రం శాశ్వతంగా నాది. నీ తమ్ముడిది మొదటిది. తర్వాత ఈ నగరం మొత్తానిదీ.” మొలలోంచి ఎండు సొరబుర్ర ఒకటి తీసి బిరడా లాగాడు.

ఏట్లో సుడి తిరిగినట్టు సభలోని చప్పుడంతా ఆ బుర్రవైపు తిరిగింది. సభ్యుల కేకలు, సభాపతి గద్దింపు, ద్వారం దగ్గర భటుల హెచ్చరికలు సన్నటి ఈలలై అందులోకి దూరిపోయాయి. పేరయ తాత ఏదో అరుస్తూనే ఉన్నాడు, వినబడటం లేదు. మైలమ గొంతును కూడా ఎవరో గాలం వేసి లాగినట్టయింది. తూర్పు గోడమీద శిల రెండో పంక్తి నిప్పుకణికలా వెలిగింది. గాలం తెగింది. ఆమె దోసిట్లో నీళ్లు ఇంకా ఉన్నాయి.

“పట్టుకోండి దాన్ని!” అన్నాడు మాంత్రికుడు.

అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చింది కొమరయ. చల్ల అమ్మినామె ఎవరో గుర్తుకొచ్చి, సభ్యురాలై ఉండి మారువేషం వేయడమనే నేరాన్ని దారి పొడవునా వల్లెవేసుకుంటూ వచ్చాడు. ముఖం చూపించాడు. నోరు తెరిచాడు. పేరు రాలేదు, నేరం రాలేదు. బుర్ర భటుల గొంతులను కూడా తాగేసింది మరి. నోరు చేపలా రెండుసార్లు తెరిచి మూసి, కొమరయ తన కుడిచేతి వంక ప్రేమగా చూసుకుని పక్కకు తప్పుకున్నాడు. మిగతా భటులూ తప్పుకున్నారు. భటులు ముందు నోరు తెరవాలని మైలమ చట్టం రాయించినప్పుడు, ఇలాంటి రోజొకటి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆమె మెదడు చకచకా పనిచేసింది. తన దోసిట నీళ్లున్నంతసేపు చర్చ ముగియదు. సూర్యాస్తమయంలోగా చర్చ ముగియకపోతే ఆజ్ఞ చెల్లదు. కానీ రేపు వీడు మళ్లీ తెస్తాడు. ఈలోగా తమ్ముడి మాట ఒక్కసారి నలుగురిలో వినిపిస్తే, విన్నాక వాణ్ణి మింగే హక్కు వీడికి ఏ రోజూ ఉండదు. ఆమె దోసిలి గుండెకు హత్తుకుని సభ దాటింది.

పట్టుబట్టల అంగళ్లు, పూలబుట్టలు, అత్తరు సీసాలు ఎండకు మాణిక్యాల్లా మెరిసే బజారు. ఆ సొగసంతా చూసే తీరిక ఎవరికుంది? మాట ఆపితే ముగించినట్టే లెక్క కాబట్టి మైలమ మాట్లాడుతూనే నడిచింది. శిలమీది పన్నెండు పంక్తులు చదివింది. తన పాత ప్రసంగాలు చెప్పింది. అవీ అయిపోయాక, “బంకమన్ను మూడు పాళ్లు, ఏటి ఇసుక ఒక పాలు, బూడిద పిడికెడు,” అని కుండ చేసే విధానం అందుకుంది. జనం వెంటబడ్డారు. సంగతి తెలిసిన ఒక ముసలమ్మ బిందెతో ఎదురొచ్చి, “నీళ్లు ఎవరు పోయాలో నియమంలో లేదు కదమ్మా!” అంటూ ఒంపబోయింది. బిందెలోంచి ఇసుక జారింది. మాంత్రికుడు ముందే వీధిలోని నీళ్లన్నీ ఇంకించేశాడు.

ఆకాశంలోంచి ఇనపముక్కు గద్ద ఒకటి దిగింది. మొదటి పోటు మణికట్టు మీద పడింది. మైలమ వేళ్లు విప్పలేదు. ఒళ్లంతా దోసిలి మీదికి వంచి, వీపు గద్దకు ఇచ్చి పరుగెత్తింది. “ఆరబెట్టేటప్పుడు ఎండ తగలకూడదు! నీడలో ఆరాలి!” అని అరిచింది నొప్పితో. బజారువాళ్లు కర్రలతో గద్దను తరిమేసరికి, దోసిట్లో నెత్తురు కలిసిన గుక్కెడు నీళ్లు మిగిలాయి. పడమట సూర్యుడు కోటగోడను తాకాడు.

ఏడో గొంతుకిటికీ. “బొల్లనా, దోసిలి పట్టు!”

రెండు చేతులు కలిపి దూరడానికి కన్నం చాలదు. మైలమ నీళ్లను ఒక్క అరచేతిలోకి తీసుకుని, ఆ చేతిని లోపలికి దూర్చి, తమ్ముడి దోసిట్లోకి వంచింది. తన గొంతు పోయేలోపు, చట్టం చెప్పిన మాటలు గబగబా పలికింది: “నీమీద మోపిన నేరం రాజద్రోహం. నువ్వేమంటావు? ఈ వీధి వింటోంది.”

“అక్కా!” అన్నాడు బొల్లన. వారం తర్వాత విన్న ఆ ఒక్క మాటకు మైలమ గోడ పట్టుకుని ఏడ్చేసింది. ఏడుపుకు చప్పుడు లేదు. ఆమె గొంతు అప్పటికే పోయింది.

“నేను ద్రోహిని కాను. బాన చెయ్యమన్నారు, చేశాను. రెండు అరల బాన. పై అర జానెడు, నీళ్లకి. కింద అర మనిషికి. గాలికి అడుగున కన్నాలు పెట్టించారు. ఎందుకో తెలియదు. ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ మంత్రగాడు నీళ్లు విసిరి, మన రాజుగారిని స్పృహ తప్పించి అందులో దింపుతుంటే చూశాను. ఎవరి రూపం ఎత్తాడో ఆ మనిషి పక్కనే ఉండాలట, లేకపోతే రూపం కరిగిపోతుందట. అందుకే బానను వెంట తిప్పుతున్నాడు. నేను చెప్పాల్సింది ఇంతే.” వాడు కిందికి చూసి, మిగిలిన మూడు చుక్కలను తన పాదాల మీద వదిలాడు. ఆ వెంటనే వాడి గొంతూ ఆగింది.

వీధి వింది. కోటగోడ వెనక సూర్యుడు మునిగాడు. ధర్మశిల మొదటి పంక్తి చెక్కుచెదరలేదు. బొల్లనను ఇక మొసళ్లకు వేసే చెయ్యి ఆ రాజ్యంలో లేదు.

మలుపు దగ్గర ఏనుగు ఘీంకరించింది. అంబారీ మీద ఉదయకేతు ముఖంతో కంకాళభట్టు. వెనక ఎనిమిది మంది బోయీలు కావడి బద్దలకు కట్టి మోసుకొస్తున్న మనిషెత్తు బాన. జనం విడిపోయి దారి ఇచ్చారు. మైలమ ఇవ్వలేదు. ఖాళీ చేతులతో, గొంతు లేకుండా, నెత్తురోడుతున్న మణికట్టుతో వీధి మధ్యకు నడిచింది. ఏనుగు ఒక్క అడుగు వెనక్కి వేసింది. వెనక బోయీలు తడబడి, ఏనుగును తప్పించుకుని ముందుకు వచ్చి ఆగారు. బాన సరిగ్గా ఆమె పక్కకు వచ్చి ఊగింది.

పుట్టినప్పటి నుంచి మైలమ ఎన్నో వేల కుండలను తట్టి చూసింది, పగులుందేమోనని. ఈసారి ఆమె చెయ్యి ఎత్తకముందే, లోపలి నుంచి ఎవరో బానను మూడుసార్లు మెల్లగా తట్టారు.